ఉచిత సలహా

సంస్కృతమున ‘ఉచితము’ అనగా తగినది. తెలుగున ఆ మాటకే వెల లేనిదని కూడ అర్థము వచ్చినది. ఈ రెండర్థములు ఒక్కచోట కూడుట లోకమున అరుదు. సొమ్ము దాచుకొను విషయమున మరింత అరుదు. మన గృహస్థులు వైద్యునకును వకీలునకును రుసుము చెల్లించుటకు సంకోచింపరు. జీవితకాలపు కూడబెట్టు నెక్కడ నుంచవలెనో చెప్పువానికి మాత్రము రూపాయి యీయవలెనన్న ఆశ్చర్యపడుదురు. ఆ సలహా ఊరక దొరకునని వారి విశ్వాసము.

మే మెరిగిన యొక వృద్ధోపాధ్యాయుడు ఉద్యోగవిరమణానంతరము చేతికి వచ్చిన గ్రాట్యుటీతో బ్యాంకునకు పోయెను. అచ్చటి యుద్యోగి ఆయనను కూర్చుండబెట్టి, కాఫీ తెప్పించి, “మాస్టారూ, ఇది మీవంటి పెద్దలకే” యని సంతకములు చేయించెను. ఆయన అది డిపాజిట్టనియే తలచెను. మరుసటి యేడు అంత సొమ్మును మరల కట్టుడని జాబు వచ్చినపుడు గాని అది జీవిత బీమా పాలసీయని తెలియలేదు. వాపసు చేయు గడువు అప్పటికే గడచిపోయినది. (ఈ గడువు 2024 నుండి 30 దినములు.)

ఆ యుద్యోగి దుర్మార్గుడని మేమనము. అమ్మినవానికి ఆదరణ, అమ్మనివానికి మందలింపు గల చోట మంచివాడును అమ్మకమువైపే మొగ్గును. ఎవరి యుప్పు తినువాడు వారి మాటయే పలుకును. కావున సలహాదారుని మంచితనమును విచారించుటకు ముందు అతని జీతమెవరిచ్చుచున్నారో విచారింపవలెను.

మన దేశమున ఈ భేదమును చట్టమే చూపుచున్నది. సెబీ 2013లో పెట్టుబడి సలహాదారులకు ప్రత్యేక నిబంధనల నేర్పరచినది. వాటి ప్రకారము నమోదైన సలహాదారునకు ‘ఐఎన్ఏ’ యను అక్షరములతో మొదలగు సంఖ్య యుండును. అతడు రుసుమును మననుండియే పుచ్చుకొనును. మ్యూచువల్ ఫండ్ల పంపిణీదారునకు ‘ఏఆర్ఎన్’ సంఖ్య యుండును. అతనికి కమీషను ఫండు సంస్థనుండి వచ్చును. పూర్వము పంపిణీదారులలో ననేకులు ‘స్వతంత్ర ఆర్థిక సలహాదారు’ అని బల్లలు కట్టుకొనిరి. సలహాదారుగ నమోదు కానివాడు ఆ పేరు పెట్టుకొనరాదని 2020లో సెబీ నిషేధించినది. బల్లపై నున్న మాటకంటె సంఖ్యయే ప్రమాణము. దానిని సెబీ జాబితాలో ఎవరైనను సరిచూచుకొనవచ్చును.

కమీషను మన జేబునుండి పోదు గదా యని కొందరందురు. 2013 జనవరి 1 నుండి ప్రతి ఫండును ‘డైరెక్టు’, ‘రెగ్యులర్’ అను రెండు విధముల దొరకుచున్నది. పెట్టుబడి యొకటియే, రెండవదానిలో కమీషను ఏటేట ఫండు సొమ్మునుండియే పోవును. బిల్లు రాదు గనుక బాధ తెలియదు. పది లక్షల రూపాయలు ఏటికి 10 శాతము చొప్పున 20 ఏండ్లు పెరిగినచో సుమారు 67 లక్షలగును; 9 శాతము చొప్పున 56 లక్షలగును. ఒక్క శాతము భేదము తుదకు మూలధనమును మించినది.

వేరొక పరీక్ష కలదు: సలహాదారుడు దేనిని గూర్చి మౌనము వహించుచున్నాడు? పబ్లిక్ ప్రావిడెంటు ఫండునకును, వృద్ధుల పొదుపు పథకమునకును ఏజెంట్ల కమీషను 2011 డిసెంబరులో తొలగింపబడినది. అరువదేండ్లు నిండినవారు ఈ రెండవ పథకమున 30 లక్షల వరకు ఉంచుకొనవచ్చును. మా వృద్ధమిత్రునకు ఆ పేరైన నెవ్వరును చెప్పలేదు. “ముందు మీ అప్పు తీర్చుకొనుడు”, “మీకిప్పుడు క్రొత్త పాలసీ యక్కరలేదు” అను మాటలలో ఎవరికిని కమీషను లేదు. అట్టి మాట యొక్కటైన పలుకని సలహాదారుని మనము సందేహింపవలెను.

రుసుము పుచ్చుకొనువాడెల్ల నిర్దోషి యనుటయు సరికాదు. ఆస్తిలో నింత శాతమని పుచ్చుకొనువానికి, మన సొమ్ముతో ఇంటి యప్పు తీర్చినచో రాబడి తగ్గును. అతనిని గూడ అదే ప్రశ్న యడుగవలెను. ఇక కమీషనుపై జీవించుట అవమానకరమును గాదు. ఏజెంటు ఇంటికి వచ్చి కాగితములు నింపి చేయు సేవకు విలువ కలదు. ఆ విలువ యెంతయో మనకు తెలియకుండుటయే దోషము. ఆరు మాసముల కొకసారి వచ్చు ఫండు ఖాతాపత్రమున పంపిణీదారునకు ముట్టిన కమీషను రూపాయలలో చూపవలెనను నియమము 2016 అక్టోబరు నుండి కలదు. ఆ పంక్తిని చదువువారెందరు?

చదువవలసినవారు ఇంటి యజమానులు మాత్రమే కారు. మన యిండ్లలో ఏజెంటు వచ్చినపుడు గృహిణి కాఫీ యిచ్చి లోనికి పోవును, సంభాషణము పురుషులది. దురదృష్టవశమున భర్త గతించినచో బీమా సొమ్ము ఆమె పేరనే వచ్చును. పరామర్శకు వచ్చిన వారిలోనే సలహాలు చెప్పువారును ఉందురు. ఆ దినమున ఆమెకు లెక్కలన్నియు రాకున్నను, “ఇందులో మీకెంత వచ్చును? వ్రాసి యిండు” అని యడుగు ధైర్యముండవలెను. ఆ ధైర్యము ఆపదవేళ హఠాత్తుగ రాదు. భర్త బ్రతికియుండగనే, ఏజెంటు ఎదుటనే, ఆమెకు నొక కుర్చీ వేయుటతో అది యారంభము కావలెను.