చినుకు దారి వెదికే ఊరు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ స్టేషనులో దిగిన ఆంధ్రుణ్ణి మొదట అబ్బురపరచేది దాని ప్లాట్‌ఫారం. 1072 మీటర్ల పొడవు. ప్రపంచంలోకెల్ల పెద్దదన్న కీర్తిని 2013లో గోరఖ్‌పూర్ చేజిక్కించుకున్నది. 2023లో అది హుబ్బళ్లికి దక్కింది. గోల్‌బజారు వైపు నడిస్తే రెండవ ఆశ్చర్యం ఎదురవుతుంది. అక్కడ బెంగాలీ, హిందీల నడుమ శ్రీకాకుళం యాస తెలుగు వినవస్తుంది.

ఇందుకు కారణం బెంగాల్ నాగపూర్ రైల్వే. ఆ కంపెనీ నెలకొల్పిన కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు తరలివచ్చాయి. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఆ రైల్వే కార్మికులకు నాయకుడు. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికారభాషా ప్రతిపత్తిని ఆమోదించింది.

దేశమంతా తిరిగి అలసిన రైలుపెట్టెలు ఈ కర్మాగారానికి మరమ్మతుకై వస్తాయి. రైలుపెట్టె అంటే చక్రాలమీది ఇల్లే కదా! పైకప్పు, కిటికీలు, నీళ్లతొట్టి, కుళాయి అన్నీ ఉన్నాయి. ఇంటి కప్పు కారితే కింద గిన్నె పెట్టి ఊరుకోవచ్చు. పెట్టె విషయంలో అది కుదరదు. మరుగుదొడ్డి కింద, తలుపుల దగ్గర నిలిచిన తడి ఉక్కు నేలను, దానిని మోసే దూలాన్ని లోలోపలే తినివేస్తుంది. పైకి రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

నీరు మోసకారి. బొట్టు పడినచోట రంధ్రం ఉండదు. కప్పు లోపలి వంపుకమ్మీల వెంట పాకి ఎక్కడో తేలుతుంది. అందువల్ల కారే చోటును కనిపెట్టవలసివస్తే నీటిని కిందినుంచి పైకి వరుసగా చల్లుకుంటూ పోవాలి. ముందే పైన కుమ్మరిస్తే, జారిన నీరు అన్ని అతుకులనూ తడిపి, దోషి ఏదో తెలియనివ్వదు. లోపల ఒకడు దీపంతో కాచుకొని, తొలి తడి కనిపించగానే సుద్దతో గీత పెట్టాలి. పాత లప్పం గోకి, తుప్పు రాల్చి, పూర్తిగా ఆరిన తరువాతనే కొత్తది పట్టించాలి. తడిమీద పూత పూయటం దొంగను లోపలపెట్టి తలుపు వేయటమే. నేలలోని నీరు పోయే రంధ్రాలు పూడిపోలేదుగదా అని చూడటం చిన్నపనే, కాని దానిని మరచేవారే ఎక్కువ.

గాలి సంగతి మరింత తీవ్రం. బ్రేకు గొట్టంలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి ఉండాలి. అది తగ్గితే బ్రేకులు వాటంతటవే పడతాయి. ప్రయాణికుల ప్రాణాలు కాపాడే ఏర్పాటు ఇదే. అయితే గాలి ఊరకే కారుతున్నా బ్రేకులు చక్రాలను పట్టుకుంటాయి; చక్రాలు కాగిపోతాయి, బండి నడిదారిన ఆగిపోతుంది. అందుకే గాలి నింపి, సరఫరా కట్టి, ముల్లును గమనిస్తారు. నిమిషానికి 0.2 కిలోకు మించి పడిపోరాదు. సుత్తుల మోతలో బుస వినిపించదు గనుక అతుకులమీద సబ్బునురుగు పూస్తారు. వెనుకటి వాక్యూమ్ బ్రేకులలో ఈ ఉపాయం తలకిందులు: గాలి బయటినుంచి లోనికి పోయేది, నురుగు ఉబ్బేది కాదు.

ఎక్కువసార్లు బుడగ లేచేది గొట్టాలు కలిసేచోట, అరిగిపోయిన రబ్బరు వాషరు దగ్గరనే. దానిని మార్చి, మళ్లీ గాలి నింపి, మళ్లీ ముల్లు చూస్తారు.