పక్క గదిలో ఎవరుంటారు?

మన ఇళ్ళలో పిల్లలు పన్నెండో తరగతికి వచ్చారంటే ఆ ఏడాదంతా కాలేజీల కబుర్లే. ర్యాంకు ఎంత, ఫీజు ఎంత, కంప్యూటర్ సైన్సులో సీటు వస్తుందా, ఇంటి నుంచి ఎన్ని గంటల ప్రయాణం - పండుగ భోజనాల దగ్గర కూడా ఇవే ప్రశ్నలు. నాలుగేళ్ళ పాటు మన పిల్లల పక్క గదిలో ఎవరుంటారని అడిగిన తల్లిదండ్రులను మాత్రం నేను చూడలేదు. చదువులో సగం అక్కడే ఉందని నా అభిప్రాయం. అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో నేను 2000 నుంచి 2002 వరకు ఎం.ఎస్. చదివాను. 2024లో మా అమ్మాయి అక్కడే చేరింది. ఆ చనువుతో నాలుగు మాటలు రాస్తున్నాను.

పరాయివాళ్ళతో కలిసి బతకడం నాకు అమెరికా నేర్పిన విద్య కాదు. వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో సగం సీట్లు మన రాష్ట్రానికి, మిగతా సగం ఇతర రాష్ట్రాలకు ఉండేవి. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి 1994లో అక్కడికి వెళ్ళిన నాకు గదిలో తోడు దొరికినవాడు అస్సాం కుర్రాడు. చలికాలం రాగానే ఒంటికి ఆవనూనె పట్టించేవాడు. ఆ వాసనకు నేను, నా ఆవకాయ ఘాటుకు వాడు - ఒక నెలపాటు ఇద్దరి కాపురమూ కిటికీ దగ్గరే. ఆవకాయలో ఉన్నదీ ఆవపిండేనని తర్వాత తెలిసి నవ్వుకున్నాం. ఇద్దరి హిందీ అంతంతమాత్రం కావడంతో తప్పులకు జంకకుండా మాట్లాడుకున్నాం.

చిత్రమేమిటంటే, ప్రపంచమంతా చదువుకునే అర్బానాకు వచ్చాకే నా లోకం చిన్నదైంది. నలుగురం తెలుగు కుర్రాళ్ళం ఒక అపార్ట్‌మెంట్. వంతులవారీగా వంట, రాత్రి పేకాట, శనివారం ఒకే కారులో సరుకులకు ప్రయాణం. క్లాసులో తప్ప ఇంగ్లీషు అవసరమే లేదు. ఆ రోజుల్లో ఆ సాంబారే మమ్మల్ని నిలబెట్టింది, కాదనను. కానీ నా కిటికీ తెరిచింది మాత్రం డబ్బు ఇబ్బంది. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు సెమిస్టరు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు. నేను ఒక హాస్టల్ భోజనశాలలో గిన్నెలు కడిగే పనికి కుదిరాను.

అక్కడ నాకు ఇద్దరు స్నేహితులు దొరికారు. ఒకడు మధ్య ఇల్లినాయ్ రైతు కొడుకు. మా నాన్నగారు వ్యవసాయం చేస్తారని తెలియగానే అతను అడిగిన మొదటి ప్రశ్న, ఎన్ని ఎకరాలని. రెండున్నర అన్నాను. వాళ్ళది 1,200. కాసేపు ఇద్దరికీ మాట రాలేదు. తర్వాత వివరాల్లోకి దిగితే ఇద్దరి నాన్నలూ బ్యాంకుకు బాకీలే, ఇద్దరూ ఆకాశం వంకే చూస్తున్నారు! రెండో మనిషి షికాగో దక్షిణపు వాడల నుంచి వచ్చిన నల్లజాతి అమ్మాయి. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. నేను ఇంటర్లో రెండేళ్ళు నూరిన కాల్క్యులస్‌ను ఆ అమ్మాయి కాలేజీకి వచ్చాకే మొదటిసారి చూస్తోంది. వాళ్ళ హైస్కూల్లో ఆ పాఠమే లేదట. పని మధ్య విరామంలో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. ఉద్యోగాల ఫోను ఇంటర్వ్యూల్లో ఎలా మాట్లాడాలో తను నాకు చెప్పేది. నిజాయితీగా లెక్క వేస్తే ఎక్కువ లాభపడింది నేనే.

ఆ అమ్మాయి ద్వారానే 1968 సంగతి విన్నాను. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన ఆ ఏడాది, నల్లజాతి విద్యార్థుల పట్టుదల వల్ల విశ్వవిద్యాలయం 'ప్రాజెక్ట్ 500' అనే పథకం కింద ఒకేసారి 500 మందికి పైగా కొత్త విద్యార్థులను చేర్చుకుంది. వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళే. తీరా వచ్చాక వసతి, ఆర్థిక సహాయం విషయాల్లో అసంతృప్తి రేగి సెప్టెంబరులో యూనియన్ భవనంలో బైఠాయించారు. ఒక్క రాత్రిలో 240 మందికి పైగా అరెస్టయ్యారు.

2023 జూన్‌లో, అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోరాదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు మన విందుల్లో, "ఇన్నాళ్ళూ మన పిల్లల సీట్లు తన్నుకుపోయారు" అన్న మాట చాలాసార్లు విన్నాను. తీర్పు మంచిచెడ్డలు న్యాయవాదులు తేల్చుకోనివ్వండి. ఆ మాట దగ్గర మాత్రం నా ముద్ద గొంతు దిగలేదు. మన డాక్టర్లకూ ఇంజనీర్లకూ ఈ దేశపు తలుపు తెరిచిన 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం పౌరహక్కుల ఉద్యమపు వేడిలో పుట్టిందే. ఎవరో దెబ్బలు తిని తెరిచిన తలుపులోంచి మనం సూట్‌కేసులతో నడిచి వచ్చాం.

అర్బానాలో నన్ను అన్నిటికన్నా కదిలించినది వేరే ఉంది. మా ల్యాబులో ఒక విద్యార్థి చక్రాల కుర్చీలో వచ్చేవాడు. బస్సు దిగేవాడు, వాలుబాట మీదుగా లోపలికి వచ్చేవాడు, లిఫ్టు ఎక్కేవాడు. ఎవరూ తిరిగి చూసేవారు కాదు. నేను మాత్రం మొదటి వారమంతా చూశాను. మా పెద్దమ్మ కూతురికి చిన్నప్పుడు పోలియో వచ్చింది. పదో తరగతిలో స్కూలు ఫస్టు. కాలేజీలో క్లాసులన్నీ మేడ మీదే. రోజూ మెట్లెక్కించి దింపే మనిషి ఎవరని పెద్దలు ఆలోచించి చదువు మాన్పించారు. కింది గదిలో క్లాసు పెట్టమని అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు, అలా అడగవచ్చని ఎవరూ చెప్పనూ లేదు. అక్క మిషను కుట్టి ఇద్దరు తమ్ముళ్ళను చదివించింది.

ఇల్లినాయ్‌లో ఆ పని 1948లోనే మొదలైంది. గేల్స్‌బర్గ్‌లోని విశ్వవిద్యాలయ శాఖలో టిమోతీ నుజెంట్ అనే ఆయన వికలాంగ విద్యార్థుల కోసం కార్యక్రమం ప్రారంభించారు. వాళ్ళలో రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులున్నారు. మరుసటి ఏడాది ఆ శాఖ మూతపడితే విద్యార్థులు ఊరుకోలేదు. రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్ళి గోల చేశారు. చివరికి కార్యక్రమం అర్బానాకు చేరింది. కాలిబాటల అంచులు వాలుగా చెక్కారు, కుర్చీని పైకెత్తే బస్సులు నడిపారు. వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 1990లో. అప్పటికి నాలుగు దశాబ్దాల ముందు మాట ఇది. ఈ సంగతులన్నీ ఉత్తరంలో రాస్తే అక్క ఒకటే అడిగింది: "వాలుగా కట్టడానికి మెట్ల కన్నా సిమెంటు ఎక్కువ పడుతుందా?" ఇంజనీరునైన నా దగ్గర దానికి చెప్పదగ్గ జవాబు లేదు.

భారతీయులు అక్కడికి వెళ్ళడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. రవీంద్రనాథ్ ఠాగూరు గారి కుమారుడు రథీంద్రనాథ్ 1906లో వ్యవసాయశాస్త్రం చదవడానికి వెళ్ళి 1909లో పట్టా పుచ్చుకున్నారు. 1912 చివర్లో ఠాగూరు గారే వచ్చి కొన్నాళ్ళు అర్బానాలో గడిపారు. నోబెల్ బహుమతి ఆ తర్వాతి ఏడాది మాట.

మా అమ్మాయి చేరింది కంప్యూటర్ సైన్సుతో పాటు పంటల శాస్త్రం కలిపి నేర్పే కోర్సులో. "మడి దున్నడానికి అంత ఫీజా?" అని తెనాలి నుంచి వాళ్ళ నాయనమ్మ. తాతయ్య మాత్రం పొంగిపోయారు. క్యాంపస్ నడిబొడ్డున 1876 నుంచి సాగులో ఉన్న మారో పొలం ఉందనీ, ఆ మొక్కజొన్న మీద నీడ పడకూడదని పక్కన కట్టిన లైబ్రరీని భూమి లోపలికి దించారనీ మనవరాలు చెప్పినప్పటి నుంచి ఆయన ఊళ్ళో ఎవరినీ వదలడం లేదు. "చేనుకు మర్యాద ఇచ్చే చదువు!" అంటారు.

నేను చదివిననాటికీ ఇప్పటికీ క్యాంపస్ బాగా పెరిగింది. 2024లో విద్యార్థుల సంఖ్య 59 వేలు దాటింది. అందులో పదివేలకు పైగా విదేశాల నుంచి వచ్చినవాళ్ళే. అందువల్ల ఒక తిరకాసు కూడా ఉంది. ఊరు పెద్దదైన కొద్దీ ఎవరి వీధి వారికి దొరుకుతుంది. తెలుగు పిల్లలు తెలుగు పిల్లలతోనే, చైనా పిల్లలు చైనా పిల్లలతోనే నాలుగేళ్ళు గడిపి పట్టా తీసుకుని వెళ్ళిపోవచ్చు.

అక్కడ అపార్ట్‌మెంట్లు ఏడాది ముందే మాట్లాడుకోవాలి. మొదటి సెమిస్టరులోనే మా ఇంట్లో చర్చ మొదలైంది. మా ఆవిడ మన సంఘంలోని ముగ్గురు తెలుగమ్మాయిల పేర్లు చెప్పింది. తిండికి ఇబ్బంది ఉండదని. అమ్మాయి మాత్రం మొదటి ఏడాది తన గదిలో ఉన్న మెక్సికన్ కుటుంబపు పిల్లను వదలనంది. చివరికి ఆ పిల్ల, ఒక కొరియా అమ్మాయి, ఆ ముగ్గురిలో ఒక తెలుగమ్మాయి, మా అమ్మాయి - ఇలా కుదిరింది.

2025 ఆగస్టులో సామాను చేర్చడానికి వెళ్ళాం. వంటగదిలో మూడు రైస్ కుక్కర్లు తేలాయి. మెక్సికన్ అమ్మాయి తల్లి మూడింటినీ చూసి నవ్వి, స్పానిష్‌లో ఏదో అంది. కూతురు అనువదించింది: "నేనూ ఒకటి తెద్దామనుకున్నాను." మా ఆవిడ గోంగూర పచ్చడి సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టింది.