నేపియర్‌లో రాత్రి బస

మెరైన్ పరేడ్ మీద సముద్రం వైపున్న పార్కింగ్‌లోకి బండి తిప్పేసరికి సాయంత్రం ఆరు దాటింది. అప్పటికే నాలుగైదు క్యాంపర్‌వ్యాన్‌లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒకవైపు నల్లటి గులకరాళ్ల తీరం, దాని అవతల ఇక పసిఫిక్ మహాసముద్రమే. రెండోవైపు రోడ్డు, ఇళ్లు. కాస్త నడిస్తే నేపియర్ ఊరి నడిబొడ్డు. న్యూజీలాండ్ ఉత్తర దీవిలో, తూర్పు తీరాన, ఇంత మంచి చోట రాత్రంతా ఉండనిస్తారు. ఒక్క డాలరు కూడా అడగరు.

"మావయ్యా, దిగేముందు బోర్డు చదువుదాం," అన్నాడు మా మేనల్లుడు. ఆక్లాండ్‌లో ఉద్యోగం వాడికి, ఈ బండి అద్దెకు తీసుకున్నదీ వాడే. బోర్డు మీద ఉన్న షరతుల్లో అసలైనది ఒకటే: బండి సెల్ఫ్ కంటైన్డ్ అయి ఉండాలి. అంటే తాగేనీళ్లు, కడుగునీళ్లు, మరుగుదొడ్డి, చెత్త అన్నీ బండిలోనే. ఊరికి మనవల్ల ఒక్క చుక్క మురుగు కూడా చేరకూడదు. తలా రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకు సరిపడా మంచినీళ్లు ఉండాలి. మా ఆవిడతో కలిపి ముగ్గురం కనుక మాకు 36 లీటర్లు. వాడిన నీళ్లు పట్టే ట్యాంకు వేరే ఉండాలి. పరుపు పరిచి ఉన్నా లోపల మరుగుదొడ్డి వాడుకునే వీలుండాలి. ఇవన్నీ తనిఖీ చేసి ఆకుపచ్చ కార్డు ఇస్తారు, ఎంతమందికో దానిమీదే రాసి ఉంటుంది. ఆ సర్టిఫికెట్ లేని బండిలో ఇలాంటి చోట పడుకుంటే 400 డాలర్ల జరిమానా.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. 2011లో రగ్బీ వరల్డ్ కప్‌కి వచ్చే జనాన్ని దృష్టిలో పెట్టుకుని ఫ్రీడమ్ క్యాంపింగ్ (ఇలా ఉచితంగా ఆగి బస చేయడం) చట్టం చేశారు. ఆ తర్వాత టూరిస్టులు పెరిగారు, మామూలు కారులో పరుపేసుకుని తిరిగేవాళ్లూ పెరిగారు. చెరువుగట్లు, పొదలు పాడయ్యాయి. ఊళ్లవాళ్లకి ఒళ్లు మండింది. 2023లో చట్టం బిగించి, మరుగుదొడ్డి బండికి బిగించి ఉండాల్సిందే అన్నారు. మూలన ఓ ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుంటే ఇక చెల్లదు. నాకైతే ఇది చాలా న్యాయంగా తోచింది. చోటు ఊరిది, మురుగు మనది.

రాత్రి ఊళ్లోకి నడిచాం. 1931 ఫిబ్రవరి 3న భూకంపం ఈ ప్రాంతాన్ని కూల్చేసింది, 256 మంది పోయారు. నీళ్ల పైపులు పగిలిపోవడంతో మంటలు ఆర్పేవీలు లేక ఊరి నడుమ అంతా కాలిపోయింది. క్లైవ్ స్క్వేర్‌లో రేకుల షెడ్లు వేసి దుకాణాలు నడిపారు, దాన్ని టిన్ టౌన్ అనేవారు. తర్వాత కొద్ది ఏళ్లలోనే ఆర్ట్ డెకో తీరులో ఊరిని మళ్లీ కట్టేశారు. టెన్నిసన్ వీధిలో లేత రంగుల ఆ మేడలు, వాటిమీద సూర్యకిరణాల్లా పరుచుకున్న గీతలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. కూలిన ఇళ్ల శిథిలాలు తీరాన పోసి, ఆ నేలమీదే మెరైన్ పరేడ్ తోటలు వేశారు. అన్నీ పోగొట్టుకున్న ఊరు ముక్కూ మొహం తెలియని మనిషికి తీరాన చోటిస్తోందంటే నాకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఊరికీ లాభముంది. ఆ రాత్రి ఫిష్ అండ్ చిప్స్, పొద్దున కాఫీ, బ్రెడ్డు, పళ్లు, డీజిలు, అన్నీ ఇక్కడే కొన్నాం. ఊరవతల గడ్డిమైదానంలో ఆగి ఉంటే ఈ దుకాణాల గుమ్మం తొక్కేవాళ్లమే కాదు.

పొద్దున్నే మా ఆవిడ ఉప్మా చేసింది. బాణలి అడుగున అంటుకున్నది ముందు కాగితంతో తుడిచి, తర్వాత గ్లాసుడు నీళ్లతో కడిగింది. ఆ గ్లాసుడు కూడా ట్యాంకులోకే పోతుంది, నిండితే మోయాల్సింది మనమే. ఇంట్లో కుళాయి తిప్పి వదిలేసే మనిషి ఇక్కడ నీళ్లని కళ్లతో కొలుస్తోంది.

అసలు పని మురుగు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌లో. బండి పక్కనున్న చిన్న తలుపు తీసి మేనల్లుడు మరుగుదొడ్డి క్యాసెట్ బయటికి లాగాడు. సూట్‌కేసంత ఉంటుంది, చక్రాలున్నాయి. మూత తిప్పి, గాలి బొత్తాం నొక్కిపట్టి, నేలలో ఉన్న గుంటలోకి మెల్లగా వంచాడు. బొత్తాం నొక్కకపోతే గుటగుటమని చిందుతుందట. పక్కనున్న కుళాయితో రెండుసార్లు కడిగి, నీలం ద్రావకం కాస్త పోసి మళ్లీ తోశాడు. తర్వాత గొట్టం తగిలించి కడుగునీళ్లు వదిలాడు. మంచినీళ్ల కుళాయి వేరే ఉంది, దూరంగా. ఈ మురుగు గొట్టం దానికి తాకకూడదు. అంతా కలిపి పది నిమిషాల పని. వెనక వచ్చిన బండిలో ముసలి దంపతులు తొందరపెట్టకుండా కూర్చున్నారు.

అక్కడ నిలబడి మన యాత్రా బస్సుల గురించే ఆలోచించాను. కాశీకో షిర్డీకో బయల్దేరిన బస్సులో వంటమనిషి ఉంటాడు, గ్యాస్ బండ ఉంటుంది, బియ్యం బస్తా ఉంటుంది. లేనిది ఆగడానికి ఓ చోటు. రోడ్డు పక్కనే వంట, అక్కడే స్నానం, చీకట్లో పొదల చాటుకు ఆడవాళ్లు. లారీలో పడుకునే డ్రైవరుదీ అదే పరిస్థితి. వాళ్లని తిట్టడం తేలిక. కానీ ఊరు వాళ్లకి ఏం చూపించిందని? 2015 తర్వాత గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో. రాజమండ్రికి ఎన్ని బస్సులొస్తాయో అందరికీ తెలుసు. చదును చేసిన స్థలం, వెలుతురు, మంచినీళ్ల కుళాయి, మురుగు వదలడానికి డ్రైనేజీకి కలిపిన గుంట, ఒక బోర్డు ఉంటే చాలు. పుష్కరాల తర్వాత కూడా అది ఊరికి పనికొస్తుంది.

బండి తౌపో ఊరికి వెళ్లే రోడ్డెక్కాక ఈ మాటే మా ఆవిడతో అన్నాను.

"కుళాయి తర్వాత సంగతండీ. ముందు తలుపుకి గడియ పడే మరుగుదొడ్లు కట్టమనండి," అంది.