అకౌంట్ మూసే తేదీ

హనుమకొండ,
ఆగస్టు 2025

ప్రియమైన బావా,

ఫస్టియర్ పిల్లలందరికీ లైనక్స్ సర్వర్లో అకౌంట్లు తెరవాలి, స్క్రిప్టు రాసిస్తావా అని ఫోన్లో అడిగావు కదా. అది నిన్ననే మెయిల్లో పంపాను, ఈపాటికి చూసే ఉంటావు. తెరిచే భాగం ఇంత చిన్నగా, మూసే భాగం అంత పెద్దగా ఎందుకుందని నువ్వు తప్పకుండా అడుగుతావు. ఖమ్మం వెళ్లాక ల్యాబులో నీకు తోడు ఎవరూ లేరట. రేపు ఏదైనా మెలికపడితే సాయానికి నేను పక్కన ఉండను. అందుకే కారణాలన్నీ ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

అకౌంట్ తెరిచే స్క్రిప్టు ఎవరైనా రాస్తారు, అది ఒక మధ్యాహ్నం పని. నాలుగేళ్ల తర్వాత ఆ పిల్లలు సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లిపోయాక వాళ్ల అకౌంట్లు ఏమవ్వాలో మాత్రం ఎవరూ రాయరు. నా దృష్టిలో అసలు పని అదే. మూసే దారి ముందే వేసుకోకుండా ఒక్క అకౌంట్ కూడా తెరవొద్దు బావా.

ముందు పాస్‌వర్డ్ ఫైలు సంగతి. ఈటీసీ డైరెక్టరీలో ఉంటుంది, తెరిచి చూడు. మనిషికో వరస, వరసకు కోలన్లతో విడదీసిన ఏడు గడులు. లాగిన్ పేరు, దాని పక్కన ఎక్స్ అనే ఒక్క అక్షరం, యూజర్ నంబరు, గ్రూప్ నంబరు, పూర్తి పేరు రాసే జీకోస్ గడి, హోమ్ డైరెక్టరీ, చివర షెల్. ఆ ఎక్స్ ఉన్న చోట ఒకప్పుడు పాస్‌వర్డ్ హ్యాష్ ఉండేది. ఈ ఫైలును ఎవరైనా చదవొచ్చు గనక తర్వాత దాన్ని షాడో ఫైలులోకి మార్చి, రూట్ కంట మాత్రమే పడేలా చేశారు. జీకోస్ అన్న పేరు బెల్ ల్యాబ్స్ కాలం నాటిది. అక్కడి యూనిక్స్ యంత్రాలు ప్రింటు పనులను జనరల్ ఎలక్ట్రిక్ వారి జీకోస్ సిస్టమ్ నడిచే యంత్రానికి పంపేవి. అక్కడ వాడాల్సిన అకౌంట్ వివరం ఈ గడిలో ఉండేది. ఆ యంత్రాలు ఎప్పుడో పోయాయి, గడికి పేరు మాత్రం అలాగే ఉంది.

కెర్నల్‌కు లాగిన్ పేరుతో పనిలేదు. డిస్కు మీద ప్రతి ఫైలుకూ యజమానిగా రాసి ఉండేది యూజర్ నంబరే. మన పహాణీలో సర్వే నంబరు లాంటిదది. పట్టాదారు పేరు మారుతుంది, భూమి నంబరు మీదే ఉంటుంది. నంబరు ఇవ్వకుండా యూజర్‌యాడ్ కొడితే, ఉన్న నంబర్లలో పెద్దదానికి ఒకటి కలిపి ఇస్తుంది. అందరికంటే చివర చేరినవాణ్ని తీసేశావనుకో, వాడి నంబరు తర్వాత వచ్చే పిల్లకు పోతుంది. యూజర్‌డెల్‌కు మైనస్ ఆర్ ఇచ్చినా పోయేది హోమ్ డైరెక్టరీ, మెయిల్ ఫైలు మాత్రమే. ప్రాజెక్టు ఫోల్డర్లో, టెంప్‌లో, బ్యాకప్ డిస్కులో వాడు వదిలివెళ్లినవన్నీ ఆ నంబరు మీదే ఉండిపోతాయి. అంటే కొత్తగా చేరిన అమ్మాయి తనకు తెలియకుండానే ఎవరివో పాత ఫైళ్లకు హక్కుదారు అవుతుంది. అందుకే స్క్రిప్టు పక్కన ఒక ఖాతా పుస్తకం ఫైలు పెట్టాను. అందులో రాసుకుంటూ స్క్రిప్టు 20000 నుంచి 59999 దాకా నంబర్లు వరసగా ఇస్తూపోతుంది, ఒకసారి ఇచ్చింది మళ్లీ ఎవరికీ ఇవ్వదు. మామూలు యూజర్లకు 60000 దాకా వాడుకోవచ్చు కాబట్టి మన పిల్లలకు చాలా ఏళ్లు సరిపోతుంది. ల్యాబులన్నిటికీ హోమ్ డైరెక్టరీలు ఎన్ఎఫ్ఎస్ మీద ఇస్తున్నానన్నావు. మామూలు సెట్టింగులో అది మెషీన్ నుంచి మెషీన్‌కు పంపేది నంబర్లనే, కాబట్టి అన్ని మెషీన్లలో ఒకే పిల్లకు ఒకే నంబరు ఉండి తీరాలి.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. జేఎన్‌టీయూ హాల్‌టికెట్ నంబరునే లాగిన్ పేరుగా పెడదామన్నావు. నాకూ అదే ఇష్టం. అందరికీ కంఠస్థం, ఇద్దరికి ఒకటే రాదు. కానీ అది అంకెతో మొదలవుతుంది. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు అలాంటి పేరును ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. 2017లో సిస్టమ్‌డీలో ఒక లోపం బయటపడింది. సర్వీస్ ఫైలులో యూజర్ పేరు అంకెతో మొదలైతే, అది చెల్లని పేరని ఆ వరసను పక్కనపెట్టి సర్వీసును రూట్ పేరు మీద నడిపేసేది. తర్వాత సరిచేశారు. అయినా మనకా గొడవ ఎందుకు, ముందు ఒక చిన్న ఎస్ అక్షరం తగిలించాను, మిగతా అక్షరాలన్నీ చిన్నబడివే. ఇంకో సంగతి. చివరి రెండు అక్షరాలూ అంకెలేనని నమ్మి వరస పెట్టకు. 99 అయ్యాక ఏ0, ఏ1 అని పోతుంది, ఆ తర్వాత బీ0. డిప్లొమా చేసి ఈసెట్ మీద రెండో ఏడాదిలో చేరినవాళ్లకు 1ఏ బదులు 5ఏ ఉంటుంది. వాళ్లు ఏ బ్యాచ్‌తో బయటికి వెళ్తారో అక్కడ చూసుకోవాలి, చేరిన ఏడాదిని బట్టి కాదు.

గ్రూపు పేర్లలో మారిపోయే మాటలు పెట్టొద్దు. మన ఊరి ఆర్ఈసీకి నెహ్రూ 1959లో శంకుస్థాపన చేశాడు, 2002లో అది ఎన్ఐటీ అయింది. మనం వరంగల్ అర్బన్ అని రాసుకున్న జిల్లా 2021లో హనుమకొండ అయింది. డిపార్టుమెంట్ల పేర్లయితే ఇప్పుడు రెండేళ్లకోసారి మారుతున్నాయి. అందుకే గ్రూపులన్నిటికీ బ్రాంచ్ కోడ్ వాడాను. సీఎస్ఈ 05, ఈసీఈ 04, మెకానికల్ 03. బోర్డు మీద ఏం రాసినా కోడ్ అదే.

ఇక స్క్రిప్టు వాడే లైబ్రరీ సంగతి. పైథాన్‌లో పీడబ్ల్యూడీ, జీఆర్‌పీ అని రెండు మాడ్యూళ్లు ఉన్నాయి. ఎవరున్నారు, ఏ గ్రూపులో ఉన్నారు అని చదవడానికే అవి, రాయడానికి కాదు. ఇది లోపం కాదు బావా, నాకు చాలా నచ్చిన సంగతి. రాసే పని యూజర్‌యాడ్, యూజర్‌మాడ్‌లకే వదిలేశాను. అవి ఫైలుకు తాళం వేసి, పక్కన కొత్త కాపీ తయారుచేసి, ఒక్క దెబ్బకు పేరు మార్చి పెడతాయి. మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన పాస్‌వర్డ్ ఫైలు మిగలదు. ఇది చిన్న విషయం అనుకోకు. రెడ్‌హ్యాట్‌కు లిబ్‌యూజర్ అని ఒక లైబ్రరీ ఉంది. పైథాన్ నుంచే అకౌంట్లు తెరవొచ్చు, మార్చొచ్చు, చాలా సౌకర్యం. 2015 జూలైలో క్వాలిస్ కంపెనీ వాళ్లు అందులో ఒక లోపం పట్టుకున్నారు. ఆ లైబ్రరీ పాస్‌వర్డ్ ఫైలును ఉన్నచోటనే నేరుగా దిద్దేది. దానికి తోడు, పూర్తి పేరు మార్చే యూజర్‌హెల్పర్ అనే ప్రోగ్రామ్ జీకోస్ గడిలో కొత్త వరస గుర్తును అడ్డుకునేది కాదు. ఈ రెండిటినీ కలిపి మామూలు యూజర్ రూట్ అయిపోవచ్చని చూపించారు. వరసకో మనిషి ఉండే ఫైలులో ఒక మనిషి పేరు మధ్య వరస తెగితే, ఆ తెగిన ముక్క కొత్త మనిషి అవుతుంది.

ఇది చదివాక ఎగ్జామ్ బ్రాంచ్ వాళ్లు పంపిన ఎక్సెల్ షీటు ఒకసారి తెరిచి చూడు. పేర్ల కాలమ్‌లో ఇంటిపేరు పైన, అసలు పేరు కింద, ఒకే గడిలో రెండు వరసలుగా కొట్టినవి కనపడతాయి. కళ్లకు అందంగా ఉంటుంది. వరస గుర్తు, కోలన్, కామా ఏది దొరికినా స్క్రిప్టు ఆ పేరును ఆపి, పక్కన రాసి, మిగతావాళ్లతో ముందుకు పోతుంది. కామా ఎందుకంటే జీకోస్‌లో పేరు, గది, ఫోను నంబర్లను విడదీసేది అదే.

పూర్తి పేరు గడిలో పిల్లల పేర్లు తెలుగులోనే రాయించాను. యూటీఎఫ్ ఎనిమిదిలో ఏ ఇబ్బందీ లేదు. డెబియన్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వేస్తే పోతన, వేమన రెండూ వస్తాయి. పోతన ఊరు బమ్మెర మనకు ఎంత దూరమని? ఆ పోతన పేరు పెట్టుకున్న అక్షరాల్లో లాగిన్ తెర మీద తన పేరు చూసుకున్నప్పుడు ఊళ్లో నుంచి వచ్చిన పిల్లకు ఈ మెషీన్ తనదే అనిపిస్తుంది. ఈ పనిని నువ్వు వదిలిపెట్టకు.

షాడో ఫైలు చదివే ఎస్‌పీడబ్ల్యూడీ, పాస్‌వర్డ్ హ్యాష్ చేసే క్రిప్ట్ మాడ్యూళ్లు పైథాన్ 3.13 నుంచి లేవు. నెట్‌లో దొరికే పాత స్క్రిప్టులు కొత్త మెషీన్లో ఆగిపోయేది అందుకే. మనం పాస్‌వర్డ్‌లను సీహెచ్‌పాస్‌డబ్ల్యూడీ కమాండ్‌కు అందిస్తున్నాం, హ్యాష్ అదే చూసుకుంటుంది. మొదటి పాస్‌వర్డ్‌గా పుట్టినరోజు, హాల్‌టికెట్ నంబరు ఇవ్వొద్దు. 1979లో అచ్చైన వ్యాసం కోసం రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 3,289 పాస్‌వర్డ్‌లు సేకరించి చూస్తే నూటికి 86 తేలిగ్గా దొరికిపోయే రకాలే. మన ల్యాబుల్లో ఇప్పటికీ అదే వరస. స్క్రిప్టు ఒక్కొక్కరికి ఒక్కో అర్థంలేని మాట తయారుచేసి చీటీ ప్రింటు తీస్తుంది, మొదటిసారి లాగిన్ కాగానే మార్చుకోమని బలవంతపెడుతుంది.

గ్రూపుల దగ్గర నువ్వు తప్పక పట్టుకోవాల్సింది ఒకటుంది. యూజర్‌మాడ్‌కు మైనస్ పెద్ద జీ ఒక్కటే ఇస్తే, నువ్వు చెప్పిన గ్రూపులు ఉంచి మిగతావన్నీ పీకేస్తుంది. చిన్న ఏ కూడా కలిపితేనే ఉన్నవాటికి చేర్చుతుంది. సర్వర్ చూసుకునే లెక్చరర్‌ను ప్రాజెక్టు గ్రూపులో వేయబోయి సుడో గ్రూపులోంచి తీసేసే ప్రమాదం ఆ ఒక్క అక్షరంలో ఉంది. జీఆర్‌పీ మాడ్యూల్లో కూడా ఒక మెలిక ఉంది. అది చూపించే సభ్యుల జాబితాలో, ఆ గ్రూపు ఎవరికి ప్రధాన గ్రూపో వాళ్ల పేర్లు రావు. 05 బ్రాంచ్‌ను అందరికీ ప్రధాన గ్రూపు చేసి, ఆ జాబితా అడిగితే ఖాళీగా కనపడుతుంది. స్క్రిప్టు పాడైందనుకోకు. అసలు సంగతి కావాలంటే ఒక్కొక్కరి పేరుతో ఓఎస్ మాడ్యూల్లోని గెట్‌గ్రూప్‌లిస్ట్‌ను అడగాలి.

ప్రాజెక్టు టీముకు ఒక గ్రూపు, ఒక ఫోల్డరు. ఆ ఫోల్డరుకు 2770 పర్మిషన్. ముందున్న 2 వల్ల లోపల పుట్టే ప్రతి ఫైలూ టీము గ్రూపుదే అవుతుంది. "సార్, గ్రూపులో వేశామన్నారు, ఫోల్డర్ తెరుచుకోవట్లేదు" అని ఒక పిల్ల వస్తుంది, రాసిపెట్టుకో. ఐడీ అని ఉత్తగా కొట్టించు, ఆ తర్వాత ఐడీ పక్కన తన పేరు కొట్టించు. మొదటిది ఈ లాగిన్‌కు ఉన్న గ్రూపులు చెబుతుంది, రెండోది ఫైలులో రాసి ఉన్నవి. తేడా కనపడితే లాగౌట్ అయి మళ్లీ రమ్మను, చాలు. ఒక్కరికే గ్రూపులు మరీ ఎక్కువ పెట్టొద్దు. ఎన్ఎఫ్ఎస్ మామూలు సెట్టింగులో 16 కంటే ఎక్కువ గ్రూపులు మోసుకుపోదు.

ఇప్పుడు మూసే సంగతి. స్క్రిప్టు రోజూ రాత్రి రెండు జాబితాలు చూస్తుంది. ఉండాల్సినవాళ్లు ఎగ్జామ్ బ్రాంచ్ ఫైలులో, ఉన్నవాళ్లు పీడబ్ల్యూడీ మాడ్యూల్లో. మొదటిదాంట్లో లేకుండా రెండోదాంట్లో ఉన్నవాళ్లు మూసే జాబితాలోకి వస్తారు. 20000 కంటే చిన్న నంబర్లను, 59999 కంటే పెద్ద నంబర్లను ముట్టుకోదు కాబట్టి రూట్‌కు, సిస్టమ్ అకౌంట్లకు భయం లేదు. ఎవరో సగం షీటు పంపారనుకో, సగం కాలేజీని మూసేయకూడదు కదా. మూయాల్సినవాళ్లు మొత్తంలో ఇరవయ్యో వంతు దాటితే స్క్రిప్టు ఏమీ చేయకుండా ఆగి నీకు మెయిల్ పంపుతుంది. బ్యాచ్ నిజంగానే వెళ్లిపోయినప్పుడు నువ్వు చేత్తో అనుమతివ్వాలి. ఈ కట్టడిని విసుగొచ్చి తీసేయకు.

మూయడమంటే పాస్‌వర్డ్‌కు తాళం వేయడం కాదు. పాస్‌వర్డ్ లాక్ చేసినా, ఎస్ఎస్‌హెచ్ కీ పెట్టుకున్నవాడు లోపలికి వస్తూనే ఉంటాడు. అకౌంట్‌కు గడువు తేదీ పెడితేనే ఆ దారీ మూసుకుంటుంది. కాబట్టి అకౌంట్ తెరిచిన రోజే గడువు కూడా రాసేస్తున్నాను. ఈ ఏడు చేరినవాళ్లకు 31 జూలై 2029. షాడో ఫైలు తేదీలను 1 జనవరి 1970 నుంచి రోజుల్లో లెక్కపెడుతుంది కనక అక్కడ నీకు 21761 అని కనపడుతుంది. బ్యాక్‌లాగులున్నవాళ్లు ఎగ్జామ్ బ్రాంచ్ ఫైలులో మిగిలి ఉంటారు, వాళ్ల గడువు ఆరు నెలలు జరుగుతుంది. వెళ్లిపోయేవాళ్లకు గడువుకు నెల ముందు మెయిల్ పోతుంది. తమ ప్రోగ్రాములు, ప్రాజెక్టు రిపోర్టులు తీసుకుపోవడం వాళ్ల హక్కు. నాలుగేళ్లు కష్టపడి రాసుకున్నవి ఒక రాత్రి కమాండ్‌కు పోకూడదు. గడువు దాటాక హోమ్ డైరెక్టరీ కట్టకట్టి ఆర్కైవ్ డిస్కుకు చేరుతుంది, క్రాన్ పనులు ఆగిపోతాయి, ఏడాది తర్వాత యూజర్‌డెల్. ఆ వెంటనే ఫైండ్ కమాండ్‌తో యజమాని లేని ఫైళ్లు వెతికి జాబితా ఇస్తుంది. ఆ జాబితా ఖాళీగా వచ్చేదాకా పని అయిపోయినట్టు కాదు.

మొదటిసారి ఉత్తినే చూపించే మోడ్‌లో నడుపు. ఎవరికి తెరుస్తుందో, ఏ పేర్లను ఆపుతుందో, ఎవరివి మూస్తుందో మూడు జాబితాలుగా చెబుతుంది, ఏదీ ముట్టుకోదు. ఆ మూడూ నాకు పంపు, పిల్లల పేర్లు తీసేసి నంబర్లు మాత్రం ఉంచి. ఎగ్జామ్ బ్రాంచ్ షీటులో కాలమ్‌లు ఏ వరసలో ఉన్నాయో కూడా రాయి, మీవాళ్లది మావాళ్లదానిలాగా ఉండకపోవచ్చు. బతుకమ్మ సెలవులకు వస్తావు కదా, ఆలోగా మీ ఫస్టియర్ పని తెమిలితే, ఇక్కడ కూర్చుని పాత బ్యాచ్‌ల యజమాని లేని ఫైళ్ల సంగతి ఇద్దరం కలిసి చూద్దాం. చెల్లెను, పిల్లలను అడిగానని చెప్పు.

ఇట్లు
నీ బావ