గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

వంటయింటి మనుష్యులమగు మేము కంప్యూటరు భాషలనుగూర్చి వ్రాయుట చూచి మీరు నవ్వుకొనవచ్చును. చిన్ననాడు తండ్రిగారియొద్ద బాలవ్యాకరణమును, ప్రబంధములును చదువుకొంటిమే గాని కళాశాల గడప త్రొక్కినవారము కాము. అయినను మాయింట జరిగిన సంగతి మీతో చెప్పుకొనక యుండలేకున్నాము.

మా కాపురము చిక్కడపల్లిలో. మావారు బడిపంతులు. మా ఆడబిడ్డ బి.కాం. ముగించి, అందఱివలె తానును జావా నేర్వవలెనని యొక శిక్షణాలయమున చేరెను. 15,000 రూపాయలు ముందుగనే కట్టించుకొనిరి. రెండు నెలలు గడచినపిమ్మట నొక సాయంకాల మామె నారాయణగూడనుండి నడచివచ్చి, పుస్తకముల సంచి మూలకు విసరి, “నాకు బుద్ధి లేదు వదినా! అన్నయ్య డబ్బు బూడిదలో పోసిన పన్నీరయినది” అని యేడ్చెను. పరీక్షలకై వచ్చి అశోకనగరు ఇఱుకుగదులలో ఏండ్లు గడపు బిడ్డలను నిత్యము చూచుచుండు మాకు ఆ దుఃఖము క్రొత్తది కాదు. అయినను మనయింటి బిడ్డ కన్నీరు వేఱు గదా!

ఆ సంచిలో ఎస్‌క్యూఎల్ అను భాషనుగూర్చిన పలుచని పొత్తమొకటి కనబడెను. జావా, పైథాన్ మొదలగునవి సర్వకార్యములకును పనికివచ్చు భాషలు. వానిలో చాలవఱకు యంత్రమునకు ఒక్కొక్క యడుగును మనమే చెప్పవలెను. ఇది పట్టికలను ప్రశ్నించుటకే పుట్టినది. ఏమి కావలెను, ఏ పట్టికనుండి, ఏ నియమముతో అని చెప్పిన చాలును. వెదకు విధము యంత్రమే చూచుకొనును. 1970లో ఎడ్గార్ కాడ్ అను పండితుడు వేసిన పునాదిపై, 1974లో ఐబీఎం సంస్థయందలి డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు, ప్రోగ్రాములు వ్రాయుట వృత్తిగా లేనివారికిని అందవలెనని దీనిని కల్పించిరి.

మాకిది వింతగా తోపలేదు. పాణిని ‘అచ్’ అన్నంతనే అచ్చులన్నియు, ‘హల్’ అన్నంతనే హల్లులన్నియు వచ్చి నిలుచును. 14 సూత్రములలో వర్ణముల నమర్చి, సుమారు 4,000 సూత్రములలో సంస్కృతమును బంధించిన యా పరిభాష వ్యాకరణమునకే పుట్టిన చిన్నభాష. దానితో కూరగాయలు బేరమాడలేము. కాని వ్యాకరణమున నది చేయు పని లోకభాష చేయజాలదు. కంప్యూటరు భాషల నిర్మాణమును వర్ణించు బేకస్ పద్ధతికి పాణిని పేరును చేర్పవలెనని 1967లో ఇంగర్‌మన్ అను నాతడు సూచించెనని తెలిసినపుడు మేము పొంగిపోయితిమి.

నాటినుండి మధ్యాహ్నములందు ఇద్దఱమును కలసి చదివితిమి. ఆమె చిక్కడపల్లి గ్రంథాలయమునకు పోయి సందేహములు తీర్చుకొని వచ్చుచుండెను. ఒకనాడు మావారి తరగతి మార్కులపట్టికను, హాజరుపట్టికను ఎక్కించి, “మొదటి పరీక్షకంటె మూడవదానిలో మార్కులు తగ్గి, నెలకు అయిదునాళ్లకు మించి బడికి రానివారెవ్వరు?” అని యడిగితిమి. ఏడు పేర్లు వచ్చినవి. అందు అయిదుగురు ఆడపిల్లలు.

మావారు చాలసేపు మాటాడలేదు. “ఈ పేర్లు ఏడాదిపొడుగునను నా కన్నులయెదుటనే యున్నవి” అని, మఱునాడే వారి యిండ్లకు పోయిరి. తల్లులు పనికి పోవగా చంటిబిడ్డల నెత్తుకొని యింట నిలిచినవారు ఇద్దఱు. వారు మరల బడికి వచ్చుచున్నారు. తక్కినవారికొఱకు మావా రింకను తిరుగుచునే యున్నారు.

జావా పనికిరానిదని మేమనము. చిన్నభాష తన పొలిమేర దాటి పోజాలదు. కొలువులిచ్చువారు పెద్దభాషయు రావలెనందురు. మా ఆడబిడ్డకు ఉద్యోగ మింకను రాలేదు. కాని పైథాన్ మొదలుపెట్టినది; ఈసారి భయము లేదు. పట్టికలకు ఎస్‌క్యూఎల్, గణాంకములకు ఆర్, గ్రంథముద్రణకు టెక్. ఇట్లు పనికి తగిన పనిముట్లు కలవు.

కావున సోదరీమణులారా! మీయింటి బిడ్డ పెద్దభాషయొద్ద తడబడినచో బుద్ధిహీనురాలని తలపకుడు. గోటితో పోవుదానికి గొడ్డలి చేతికిచ్చితిమేమో యని యొక్కసారి విచారింపుడు.