పప్పు ఉడకని నీళ్ళు

మా అమ్మ పుట్టిల్లు నంద్యాల, మెట్టినిల్లు ఆళ్ళగడ్డ. అక్కడ కే.సీ. కాలువ నీళ్ళకు అలవాటుపడ్డ చెయ్యి ఇక్కడి బావినీళ్ళతో వేగలేకపోయింది. కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకే!

"ఏమ్మే, మీ ఇంట్లో పప్పు ఎనపడం గూడా నేర్పలేదా?" అని అవ్వ దెప్పేది. అమ్మ పొయ్యి ఊదుకుంటూ ఊరుకునేది.

కాలేజీలో కఠినజలం పాఠం వింటుంటే మా కాగు అడుగున పేరుకునే తెల్లపొర గుర్తొచ్చింది. మాది సున్నపురాతి నేల. నీటిలో కరిగిన కాల్షియం పప్పులోని పెక్టిన్‌ను పట్టుకొని మెత్తబడనీయదు. ఇంగ్లండులో బర్టన్ బీరుకు పేరు తెచ్చినవి జిప్సం కలిసిన ఇలాంటి గట్టినీళ్ళేనట! మనకు పప్పే ముఖ్యం లెండి.

సెలవుల్లో ఇంటికి పోయి నీళ్ళు బాగా తెర్లగాచి, తేరనిచ్చి, పైనీళ్ళు వంచి ఒక గిన్నెలో పప్పు పెట్టించాను. పక్కన మామూలు నీళ్ళతో ఇంకో గిన్నె. బైకార్బనేట్ల కాఠిన్యమే ఇట్లా పోతుంది, జిప్సంది పోదు. చిటికెడు వంటసోడా వేసినా ఉడుకుతుంది గానీ బి1 విటమిను చెడుతుంది.

తేరిన నీళ్ళ పప్పు వెన్నలా మెదిగింది. అవ్వ రెండూ వేళ్ళతో నలిపి చూసి, "తప్పు నీళ్ళదా!" అన్నది. అమ్మతో మాత్రం ఏమీ అనలేదు. మరునాడు తెల్లారకముందే లేచి నీళ్ళు పొయ్యిమీద పెట్టింది అవ్వే.