కదలు నిల్లు – నిలుచు నిల్లు

ఇల్లనగా నిలుకడ, యాత్ర యనగా కదలిక. ఈ రెంటికిని పొత్తు కుదురదని తలంచియే గదా, మన పెద్దలు యాత్రకు బోవునపుడు ఇంటికి తాళము వైచి, తులసికోటకు నీరు పోయు భారమును పొరుగింటివారి కప్పగించి బయలుదేరుచుండిరి! పశ్చిమదేశములవారు మాత్ర మీ రెంటిని ఒక్కచోట చేర్చి, ఇంటికే చక్రములు తగిలించిరి. అట్టి యిండ్లు రెండు విధములు. మొదటిదానిని మోటారుహోమందురు. ఇంజను, వంటయిల్లు, పడకలు, స్నానపుగది యన్నియు నొక్క బండిలోనే యుండును. రెండవది కారవాను, దీనికి ఇంజను లేదు. కారు వెనుక కట్టి యీడ్చుకొనిపోయి, ఒకచోట నిలిపి, పగలు కారులో చుట్టుపట్ల తిరిగి, రాత్రికి మరల దానినే చేరుదురు. కొన్ని పెద్దకారవానులు సముద్రతీరములందు నాటుకొని ఏండ్లతరబడి కదలనే కదలవు. క్రింద చక్రములుండును గాని యవి తిరుగుట యెవ్వరును చూడరు. మన సినిమాతారలు చిత్రీకరణస్థలమున విశ్రమించు బండినిగూడ కారవాననుచున్నారు, అది వేఱు.

దినమున కొక ఊరుగా స్వేచ్ఛగా తిరుగుట మేలా, ఒకచోట దిగి నిలుకడగా నుండుట మేలా యను వాదము ఆ దేశస్థులలో ఎడతెగక జరుగుచుండును. మేము గడచిన వేసవిసెలవులలో స్కాట్లాండుదేశమున పదిదినము లుండి, అయిదుదినములు కదలు నింటిలోను, అయిదుదినములు నిలుచు నింటిలోను గడపితిమి. ఆ యనుభవమును సోదరీమణులకు విన్నవింపదలచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా వారు పాఠశాలయందు ఉపాధ్యాయులగుటచే మాకు వేసవియే తీఱిక. మా మఱది ఎడింబరోనగరమున ఉద్యోగము చేయుచున్నాడు. 2021లో మామగారు గతించునప్పటికి, మహమ్మారి మూలమున ప్రయాణములు స్తంభించి, అతడు రాజాలకపోయెను. కర్మలన్నియు మా వారొక్కరే జరిపిరి. మఱది ఫోనులో చూచెను. ఆ పిమ్మట నతడొకసారి స్వదేశమునకు వచ్చినను, వారముదినములు బంధువుల రాకపోకలతోడనే చెల్లిపోయినవి. తండ్రి తుదిదినములను గూర్చి కొడు కడుగలేదు, తల్లి చెప్పలేదు. ఇరువురి మనసులందును ఆ మాట యట్లే నిలిచిపోయినది. అందుచేతనే డెబ్బదిరెండేండ్ల అత్తగారిని, మోకాళ్ళనొప్పులున్నను, వెంటబెట్టుకొని పోయితిమి. ఆమె బయటివంట ముట్టరు. హోటళ్ళలో దిగినచో పండ్లును మజ్జిగయు దప్ప వేఱాహార ముండదని యెంచి, మఱది యీ బండియిండ్ల యేర్పాటు చేసెను. మా దంపతులము, మా అమ్మాయి, అత్తగారు, మఱది, తోడికోడలు, మొత్తము ఆరుగురము బయలుదేరితిమి.

వంటయిల్లు వెంటబెట్టుకొని తిరుగుట మనకు క్రొత్తగాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి సుమారు నూఱుగురు పరివారముతో, డేరాలతో, పల్లకీలతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. ఆయన కాశీయాత్రచరిత్ర తెలుగువారి కందఱకును తెలిసినదే. అది తీర్థయాత్ర. కేవల వినోదమునకై చక్రములయిల్లు కట్టించుకొనినవారిలో మొదటివాడు గార్డన్ స్టేబుల్స్ అను స్కాట్లాండు వైద్యుడని చెప్పుదురు. నౌకాదళమున వైద్యుడుగా నుండి, పిమ్మట బాలురకు కథలు వ్రాసి పేరుగాంచిన యీతడు 1885లో 'వాండరర్' అను నింటిబండిని చేయించి, రెండు గుఱ్ఱములను కట్టి, ఇంగ్లాండునుండి స్కాట్లాండునందలి ఇన్వర్నెస్ వఱకు పోయెను. ఎదురువచ్చు బండ్లవారిని హెచ్చరించుటకై యొక పరిచారకుడు మూడుచక్రముల సైకిలుపై ముందు పోవుచుండెనట. ఆతని ప్రయాణము ముగిసిన యా ఇన్వర్నెస్ పట్టణముననే మా ప్రయాణ మారంభమైనది.

అచ్చటినుండి ఉత్తరతీరమును చుట్టివచ్చు దారికి 2015లో 'నార్త్ కోస్ట్ 500' అని పేరిడిరి. దాని నిడివి 516 మైళ్ళు, అనగా సుమారు 830 కిలోమీటర్లు. పడమట ఆపిల్‌క్రాస్ దిక్కున 626 మీటర్ల యెత్తున నొక కనుమదారి గలదు. పెద్దబండ్లకును కారవానులకును తగదని దాని మొదటనే పలక నాటియున్నారు. కావున మేమా భాగమును విడిచి, తూర్పుతీరమున నెక్కి, ఉత్తరకొననుండి పడమటి ఉల్లాపూలు వఱకు దిగి, ఇన్వర్నెస్ చేరునట్లు దారి నిర్ణయించుకొంటిమి.

మోటారుహోములోని సంసార మెట్టిదో చెప్పవలెను. మూడు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్జు, జానెడు తొట్టి, అంతే వంటయిల్లు. బండి కదలుటకుముందు ప్రతి అలమారకును గడియ వేయవలెను. లేనిచో మొదటి మలుపుననే పప్పుడబ్బాలు నేలబడును. భోజనపుబల్లయే రాత్రి పడక యగును, ఉదయము మరల బల్ల యగును. నీటితొట్టి నూఱు లీటర్లది; ఆరుగురము గనుక దినదినమును నింపవలెను. వాడిననీటిని, మరుగుదొడ్డి పెట్టెను నిర్ణీతస్థలములందే ఖాళీచేయవలెను. ఈ పని నన్నదమ్ములిద్దఱును వంతులు వేసికొని చేసిరి. తొలినాడు అత్తగారు చారునకు పోపు పెట్టగానే పొగను పసిగట్టు యంత్రము చెవులు పగులునట్లు కూయసాగెను. మఱునాటినుండి పోపు పెట్టునపుడెల్ల మా అమ్మాయి తలుపు తెఱచి, తువ్వాలుతో విసరుచు నిలుచుండెడిది. ఇల్లు కదలినను ఇంటిపని కదలదని మేమును తోడికోడలును నవ్వుకొంటిమి.

అయినను ఆ బండి చేసిన యుపకారము గొప్పది. అత్తగారికి కాళ్ళు లాగినపుడెల్ల మంచము వెనుకనే యుండెను. ప్రొద్దున తన చేతివంట తాను తిని, మధ్యాహ్నమునకు బ్రిటను ప్రధానభూభాగమున కెల్ల ఉత్తరపుకొనయైన డన్నెట్ హెడ్ మీద నిలిచి, సముద్రమున కావల ఆర్క్నీద్వీపములను చూచిరి. గోర్సు అను ముండ్లపొదలు కొండవాలులనిండ పసుపురాశులు పోసినట్లు పూచియుండెను. దారి పలుచోట్ల నొక్కబండికి మాత్రమే చాలును. ఎదురుబండికి త్రోవయిచ్చుటకై నడుమనడుమ వెడల్పైన చోట్లు విడిచిరి. ఆగి త్రోవయిచ్చినవారికి చేయియెత్తి వందనము చేయుట యచ్చటి మర్యాద. అత్తగారు ప్రతి బండికిని రెండుచేతులు జోడించిరి.

ఇక ఆ స్వేచ్ఛకుగల యెల్లలనుగూడ చెప్పవలెను. స్కాట్లాండున 2003 నాటి భూసంస్కరణచట్టము కాలినడకను పోవువారికి కొండకోనలందు తిరుగు హక్కును, డేరా వేసికొను హక్కును ఇచ్చినది గాని, మోటారుబండ్ల కా హక్కు లేదు. త్రోవయిచ్చు చోట్ల బండి నిలిపి నిద్రించుట తప్పు. వేసవిలో బండ్లు నిలుపు మైదానములు ముందుగానే నిండిపోవును గనుక, ఏ రాత్రి యెచ్చట నుండవలెనో మఱది నెలలకు ముందే నిర్ణయించి రుసుము చెల్లించియుండెను. ఇష్టమువచ్చినచోట ఆగవచ్చునని యిల్లు వెంట తెచ్చుకొన్నవారము, సాయంకాలమునకు చేరవలసిన చోటికై గడియారము చూచుకొనుచు పరుగెత్తితిమి.

ఆ తొందర మాకు మిక్కిలి బాధాకరముగ తోచినది స్ట్రాత్‌నేవర్ లోయలో. మొదటిదినమున తూర్పుతీరమున డన్‌రాబిన్ కోటను, అందలి తోటను చూచి యానందించితిమి. అది సదర్లాండు ప్రభువులది. మూడవదినమున చేరిన యీ లోయయు నొకప్పుడు వారిదే. గొఱ్ఱెలమందలను పెంచినచో నెక్కువ రాబడి వచ్చునని, 1814 మొదలు 1819 వఱకు ఇచ్చటి రైతుకుటుంబముల నిండ్లనుండి వెళ్ళగొట్టిరి. కొందఱు సముద్రపుటొడ్డున బండనేలలకు చేరిరి. కొందఱు దేశమే విడిచిరి. పాడుపడిన పల్లెలలో గోడల మొదళ్ళు మాత్రము గడ్డిలో మిగిలియున్నవి. మా అత్తగారి పుట్టినయూరు శ్రీశైలము జలాశయమున మునిగినది. కృష్ణా తుంగభద్రల సంగమప్రాంతమున 1981 నాటికి అట్లు నీటిపాలైన పల్లెలు పెక్కు. ఆమె యొక మొండిగోడమీద చేయి యుంచి, “ఇక్కడ పొయ్యి ఉండేదేమో” అనిరి. మఱికొంతసేపు నిలువవలెనని యామెకున్నను, రాత్రికి డర్నెస్ చేరవలసియుండుటచే మఱది బండి కదలించెను. కదలుట యెవరికి స్వేచ్ఛ? తిరిగి చేరుటకు నిలుచు నిల్లున్నవారికే. లేనివారికి అది వలస. ఆ మాట బండిలో నెవ్వరును పైకి అనలేదు.

వేఱొక సంగతియు మేము గమనించుచుంటిమి. అయిదుదినములలో తల్లియు కొడుకును తీఱికగా పది మాటలైన నాడుకొనలేదు. అతడు ముందు కూర్చుండి త్రోవమీదనే కన్నుంచవలెను; ఆమె వెనుక నడుమునకు పట్టీ కట్టుకొని కూర్చుండవలెను. ఇంజనుమ్రోతలో “ఏమిరా?” యన్న “ఏమిటమ్మా?” యనుటయే సరిపోయెను. బండి నిలిచినపిదప నీరు, విద్యుత్తీగె, పడకలు, వంట. అటుపై అతడు అలసి నిద్రించెడివాడు.

ఇన్వర్నెస్‌లో బండి నప్పగించి, మఱది కారులో తూర్పుగా 26 కిలోమీటర్ల దూరమునగల నేర్న్ అను సముద్రతీరపుటూరు చేరితిమి. అచ్చట మైదానమున వరుసలుగా నిలిచిన కారవానులలో నొకటి మా కిచ్చిరి. మొదటినాడే అత్తగారు పోపులపెట్టెను కిటికీప్రక్కన నుంచిరి. అయిదుదినములును అది యచ్చటనే యుండెను. ఈ స్వల్పవిషయ మెంత సుఖమో గృహిణులకే తెలియును. పగళ్ళు కారులో తిరిగితిమి. 1746లో యుద్ధము జరిగిన కల్లోడెన్ మైదానమును, దానిచెంత సుమారు నాలుగువేలయేండ్లనాటి క్లావా శిలాసమాధులను చూచితిమి. ఛానన్రీ పాయింటు అను నిసుకకొననుండి డాల్ఫిను లెగురుట చూచితిమి. వెళ్ళినను మధ్యాహ్నమునకు తిరిగి యింటికి వచ్చుచుంటిమి. చూడని చోట్లు పెక్కు మిగిలినవి. వాటికై యెవ్వరును చింతింపలేదు.

నిలిచియున్నవారికే పొరుగు ఏర్పడును. ప్రక్క కారవానులోని వృద్ధురాలు ప్రతివేసవియు నచ్చటికే వచ్చునట. రెండవనాడు ఆమె తన కారవాను ముందరి తొట్లలోని పూలను అత్తగారికి దేవునికై యిచ్చెను. అత్తగారు దోసెలు పంపిరి. ఒకరి భాష ఒకరికి రాదు. అయినను మోకాళ్ళనొప్పులనుగూర్చి ఇరువురును చిరకాలము సంభాషించిరి.

జూనునెలలో నా దేశమున రాత్రి పదిగంటలు దాటినగాని సూర్యు డస్తమింపడు. సంధ్యాదీపము ఎప్పుడు పెట్టవలెనో తెలియక అత్తగారు గుమ్మపుమెట్లమీద కూర్చుండి పడమర చూచుచుండెడివారు. మూడవనాటి సాయంకాలమున మఱది వచ్చి క్రిందిమెట్టుమీద కూర్చుండెను. నడపవలసిన బండి లేదు, చేరవలసిన యూరు లేదు. చాలసేపటికి అతడు, “అమ్మా, నాన్న చివరకు నన్ను అడిగినారా?” యనెను. మేమందఱము లోపలికి పోయి తలుపు చేరవేసితిమి. గాలిలేని పూట యగుటచే మిడ్జీలను నుసుములు గుంపులుగా ముసరుచుండెను. వారికవి తెలిసినట్లే లేదు. సుమారు రెండుగంటలకు అత్తగారు లోపలికి వచ్చి, “వాడడిగినాడమ్మా, చెప్పినాను. ఇంక నాకు బరువు లేదు” అని దీపము వెలిగించిరి. ఏమి చెప్పిరో మేమడుగలేదు. మఱునాడు మఱది మామగారివలెనే కాఫీ రెండు గ్లాసులలో నెత్తి పోయుచు, తల్లికి తానే తెచ్చి యిచ్చెను.

సోదరీమణులారా! మేము మోటారుహోమును నిందించుట లేదు. అది లేకున్న డన్నెట్ హెడ్ చూడము. స్ట్రాత్‌నేవర్ అను పేరు వినియే యుండము. మన దేశమునందును కేరళప్రభుత్వము 2021లో కారవానుయాత్రలకు ప్రత్యేకవిధానమును ప్రకటించినది. మనలో కొందఱి కట్టి యవకాశ మిచ్చటనే కలుగవచ్చును. అట్లు పోవువారు బయలుదేరకముందే, చూడదలచినది దేశమునా, మనుష్యులనా యని ప్రశ్నించుకొనవలెను. దేశమునైనచో కదలవలెను. దూరమైన కొడుకును, అత్తవారింటినుండి వచ్చిన కూతును, వృద్ధులైన తల్లిదండ్రులను తనివితీర చూడవలెనన్నచో ఒకచోట నిలువవలెను. పదిదినములే యున్నచో మూడుదినములు తిరిగి, ఏడుదినములు నిలుచునట్లు ఏర్పాటు చేసికొనుడు. ఆ యేడింటిలోను కనీస మొక్కదినమున ఎచ్చటికిని పోకుడు.